మూడు పేజీల ఆబోతు

మాంసం కోసం పెంచే పశువుల్లో దగ్గరి రక్తం ఎంత కలిసిందో లెక్కగట్టడం ప్రయోగశాలలో ఆమె పని. తోక వెంట్రుకల కుదుళ్ల నుంచి జన్యువులు తీస్తారు. తల్లి ఇచ్చిన జన్యుపోగూ తండ్రి ఇచ్చిన జన్యుపోగూ ఎంత మేర అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అంత శాతం. పది శాతం దాటిన కోడెను సంతానోత్పత్తి కేంద్రం తీసుకోదు.

ఆ ఉదయం ఒక కోడెకు ముప్పై ఏడు వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ ముప్పై ఏడే.

ఆ కోడె ఆమె నాన్నది. తన మందలోంచి ఒక్కటైనా ఆ కేంద్రానికి ఎంపిక కావాలని ఆయన పదిహేనేళ్లుగా కాచుకుని ఉన్నాడు. అందుకోసమే వంశావళి పుస్తకాన్ని ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు. పుస్తకం ప్రకారం రావలసింది సున్నా.

"మిషన్ తప్పేమో మేడమ్," అంది పై అధికారితో.

"మీ నాన్న ఎవరో మిషన్‌కి తెలీదు కదమ్మా. ఫోన్ చేసి కనుక్కో. సంతకం మాత్రం నీదే."

ఫోన్ చేసింది.

"నాన్నా, పుస్తకం తియ్యి. కోడెకి తండ్రెవరు?"

"నలభై రెండో నంబరు. పక్కనే రాశా, 'దగ్గరికెళ్తే జాగ్రత్త' అని."

"కోడె తల్లికి తండ్రి?"

"ఇరవై ఎనిమిది. 'కాస్త మొండి'."

"అమ్మమ్మకి?"

"పదకొండు. 'సాధువు'."

"ముగ్గురూ వేరువేరేనా?"

అటువైపు పేజీలు వెనక్కి తిప్పుతున్న చప్పుడు.

"ఆబోతు ఒకటేనమ్మా. కంచెలో తల దూర్చి చెవి బిళ్ల రెండుసార్లు తెంపుకుంది. కొత్త బిళ్లకి కొత్త పేజీ అన్నాడు బిళ్లలేసే ఆయన. రాశాను."

"దాని కూతుర్నీ మనవరాల్నీ దానితోనే జత కట్టించావా?"

"పుస్తకం చూసే దాటించానే! అందులో వాళ్లు చుట్టాలు కారు."

"కళ్లెదుట ఉన్నది అదే కదా నాన్నా?"

"కళ్లని నమ్మొద్దు, రాసింది నమ్ము అన్నావుగా, చదువుకునేటప్పుడు."

"ముప్పై ఏడని రాస్తే మన కోడెని తీసుకోరు," అంది.

"వచ్చింది ముప్పై ఏడేనా?"

"రెండుసార్లు చూశాను."

"ఇంకేం రాస్తావు మరి?" అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె ముప్పై ఏడు రాసి సంతకం చేసింది. కోడె పేరు జాబితాలోంచి పోయింది.

పదో రోజున ప్రయోగశాలకు ఒక పార్సిల్ వచ్చింది. మందలోని నలభై ఒక్క పశువులవీ తోక వెంట్రుకలు, విడివిడి కవర్లలో. ప్రతి కవరు మీదా చెవి బిళ్ల నంబరు నాన్న గుండ్రటి చేతిరాతలో ఉంది. తండ్రి వివరం రాయాల్సిన గడిలో మాత్రం నలభై ఒక్కసార్లూ ఒకే మాట: "మీరే చెప్పాలి."

ఆయన కూతుర్ని 'మీరు' అనడం అదే మొదలు. ఆమె చేతి తొడుగులు వేసుకుని మొదటి కవరు విప్పింది.