తిర్సాకు స్నానం చేయించిన రోజు

గురువారం పొద్దున తిర్సా గుండె ఆగి చనిపోయింది. జెరూసలేంలోని మా యూదుల పేటలో ఎవరు పోయినా అంత్యక్రియల సంఘానిదే బాధ్యత. మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు మేము స్నానం చేయించి తెల్లనార బట్టలు తొడుగుతాం. నేనూ ఫ్రుమా పిన్నీ వెళ్ళేసరికి సంఘం పెద్ద గెదాల్య గది తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"మీరు వెళ్ళండమ్మా. వీడికి మగవాళ్ళొస్తున్నారు."

"వీడెవడండీ? లోపలున్నది తిర్సా!"

"పుట్టినప్పుడు మగపిల్లాడే కదా. ధర్మం మార్చడానికి నేనెవర్ని?"

నా ఒళ్ళు మండిపోయింది. తాను ఆడదాన్నని తిర్సా చెప్పిన రోజునే పుట్టింటివాళ్ళు ఆమె చచ్చిపోయినట్టే అనుకున్నారు. అయినా ఆమె శుక్రవారం సాయంత్రం సబ్బాతు దీపాలు పెట్టడం మానలేదు, ప్రార్థన మానలేదు. ప్రార్థనాలయంలో ఆడవాళ్ళు కూర్చునే తెర వెనక ఆమె పక్కన కూర్చోకుండా మా ఆడవాళ్ళే లేచి వెళ్ళిపోయేవారు. ఆమె మాత్రం మళ్ళీ వారం అదే చోటికి వచ్చి కూర్చునేది.

"మీ ఆవిడ పురిట్లో ఉంటే మీ ఇంట్లో వండిపెట్టింది ఎవరు? మీరు లేనప్పుడు ఆవిడకి తోడు పడుకుంది ఎవరు? అప్పుడు మగాణ్ణే ఇంట్లో పెట్టుకున్నారా?"

గెదాల్య మొహం ఎర్రబడింది. "అది వేరు" అన్నాడు.

ఫ్రుమా పిన్ని బకెట్టు కింద పెట్టింది. "తలుపు తియ్యకపోతే, నాయనా, ఇకమీదట ఈ పేటలో ఏ ఆడశవాన్నీ మేం ముట్టం. మీ అమ్మకి తొంభై దాటాయి. రేపు ఆవిడకి నువ్వే పోసుకో నీళ్ళు."

"బెదిరిస్తున్నావా, ముసలమ్మా?"

"ఆఁ, బెదిరిస్తున్నా."

"పాపం మీ నెత్తినే!"

"మోస్తాంలే. జరుగు."

జరిగాడు. స్నానానికి ముందు, పోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచి క్షమాపణ అడగడం మా ఆచారం. "రఫాయేలు కూతురు తిర్సా, మమ్మల్ని మన్నించు" అని పిన్ని వీధికి వినబడేలా అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మన్నించాల్సినవి చాలానే ఉన్నాయి.

సమాధి దగ్గర గెదాల్య పాత పేరే చదివాడు. "ఆమె పేరు తిర్సా!" అని నేను అరిచాను. "శవం ముందు అరుపులేంటమ్మా?" అన్నాడెవరో.

"శవం ముందు అబద్ధాలాడొచ్చా?"

మట్టి పోశారు.

శ్మశానం గేటు దగ్గర తిర్సా తమ్ముడు నన్ను ఆపాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె గడప తొక్కని మనిషి. "వాడు... బాగానే బతికాడా?" అని అడిగాడు.

"వాడెవడో నాకు తెలీదు బాబూ. మీ అక్క మాత్రం ప్రతి పస్కా పండక్కీ మీకు కబురు పెట్టేది."

అతను టోపీ సర్దుకుని వాళ్ళ ఊరి బస్సెక్కాడు. ఆ ఊరికి పోయే బస్సును చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.