వాంబాట్ కడుపులో ఆకుపచ్చ దారం

ఏడేళ్ల టిల్లీ గుడ్డబొమ్మ కడుపులో, దూది మధ్య, ఎక్కడుందో ఫోన్లో చూపించే, కోటు గుండీ అంత ట్రాకర్ దొరికింది తల్లి లియాన్‌కి.

చిన్న ఎలుగులా ఉండే ఆస్ట్రేలియా జంతువు వాంబాట్ రూపంలోని ఆ బొమ్మ వారాంతాల్లో టిల్లీతోపాటు తండ్రి క్రెయిగ్ ఇంటికి వెళ్లొస్తుంది. పెట్టింది ఇంకెవరు? విడిపోయి ఏడాదైనా బుద్ధి మారలేదన్నమాట!

ఆ ఉదయమే బండబర్గ్‌లో మధ్యవర్తి దగ్గర ఆఖరి సమావేశం. అక్కడ విడిపోయినవాళ్లు ఎదురుపడరు. చెరో గదిలో కూర్చుంటే మధ్యవర్తి నరెల్ అటూ ఇటూ తిరుగుతుంది. చెప్పమన్న మాటే మోస్తుంది. ఇవాళ సంతకాలైతే టిల్లీ వారం తల్లి దగ్గర, వారం తండ్రి దగ్గర. కాకపోతే కోర్టే.

"సంతకం లేదు, గింతకం లేదు!" లియాన్ ట్రాకర్‌ని బల్లమీద విసిరింది. "గూఢచారికి నా కూతుర్నివ్వను. వెళ్లి చెప్పండి."

"ఏది మొయ్యమంటారు? తిట్టా, ప్రశ్నా?" అంది నరెల్.

లియాన్ పళ్లు కొరికింది. "ప్రశ్నే. ఎందుకు పెట్టాడని."

తోడుగా వచ్చిన ఆమె తండ్రి డెస్ ఒళ్లో టోపీ తిప్పుతున్నాడు. "పోనీలేమ్మా, చిన్న విషయం."

"చిన్నదా? నిన్నటిదాకా వాణ్ణి పామన్నది నువ్వే కదా నాన్నా!"

పది నిమిషాలకి నరెల్ ఒక కవరుతో తిరిగొచ్చింది. "క్రెయిగ్ ఇది చూపించమన్నారు. పోయిన నెల టిల్లీ స్కూలు బ్యాగు అస్తరులో దొరికిందట. పెట్టింది మీరేనని ఆయన అనుమానం."

అచ్చం అలాంటి ట్రాకరే. దానితోపాటు కత్తిరించిన కుట్టు ముక్క. ఆకుపచ్చ గాలపు దారం.

లియాన్ గబగబా సంచిలోంచి వాంబాట్‌ని తీసింది. అదే దారం. మూడు మెలికల అదే ముడి. క్రెయిగ్ జన్మలో గాలం పట్టలేదు. ఆ ముడి తనకి చిన్నప్పుడు నేర్పిందెవరు? ప్రతి శుక్రవారం పిల్లని కారులో దింపి వచ్చేదెవరు?

"నాన్నా, ఆ టోపీ పక్కనపెట్టి నావైపు చూడు."

డెస్ తలెత్తాడు. "నేనేనమ్మా. రెండూ నేనే. పిల్లని ఆ గుమ్మంలో దింపి వెనక్కి తిరిగితే భయమేసేది, వాడు ఎత్తుకుపోతాడేమోనని. బ్యాగులోది పోయాక బొమ్మలో కుట్టాను. నెలల తరబడి ఫోన్లో చూశాను. పార్కు, ఐస్‌క్రీం కొట్టు, ఇల్లు. అంతే. వాడు మంచి తండ్రే, లియాన్. ఆ మాట నీకు చెబితే ఎలా తెలిసిందని అడుగుతావని పైకి పామనే తిడుతూ వచ్చా. నరెల్ గారూ, ఇది అవతలి గదిలోకి మొయ్యండి: పెట్టింది ముసలాడు."