మాఫీ అయిన ఫీజు

షెకీనాకు నర్సింగ్ కాలేజీలో ఫీజు మాఫీ అయిందని తెలిసిన రోజు పాల్మాకులలోని ఆ ఇంట్లో పాయసం వండుకున్నారు. తండ్రి జ్ఞానయ్యకు మాత్రం అది గొంతు దిగలేదు. కూతురు రెండో తరగతిలో ఉన్నప్పటి నుంచి పోస్టాఫీసులో ఆమె పేరున సుకన్య ఖాతాలో దాచిన సొమ్ములో సగం కిందటి వారమే, ఫీజు కట్టాలని చెప్పి తీశాడు. ఇప్పుడా ఫీజే లేదు.

జ్ఞానయ్య ఎయిర్‌పోర్టులో సామాన్ల బండి నడుపుతాడు. అక్కడ తోటి డ్రైవర్ గోవర్ధన్ ఈ సంగతి విని, "సదువు పేరు మీద తీసి కట్టకపోతే టాక్సు పడ్తదన్నా. కేసు గూడ పెడ్తరంట" అన్నాడు. మాటవరసకే అన్నాడు గానీ జ్ఞానయ్య నిజమేననుకున్నాడు. పోలీసు కేసుంటే ఎయిర్‌పోర్టు పాసు రద్దు చేస్తారు. పాసు లేనివాణ్ణి గేటు దాటనివ్వరు.

డ్యూటీ దిగాక టాక్సు వాళ్ల నంబరు కోసం ఫోన్లో వెతికి, మొదట కనిపించినదానికే ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా అడిగాడు. ఖాతా సంగతి, కూతురి పేరు, పాసు గురించిన భయం, అన్నీ జ్ఞానయ్య తనే చెప్పేశాడు.

మర్నాడు పొద్దున్నే వీడియో కాల్ వచ్చింది. తెర మీద ఖాకీ చొక్కా మనిషి.

"ప్రభుత్వాన్ని మోసం చేశారు మీరు. వారెంటు తయారుగా ఉంది. ఆ సొమ్మంతా ఈరోజే మేము చెప్పిన ఖాతాలో వేయాలి. ఎవరికైనా చెప్పారా, మీ అమ్మాయినీ తీసుకెళ్తాం. ఖాతా ఆమెదే కదా!"

జ్ఞానయ్య గది తలుపు గడియ వేసుకున్నాడు. బయట భార్య జయశీల తలుపు కొడుతోంది. "ఏందయ్యా, పానం బాగలేదా? దవాఖానకు పోదామా?"

గడియ తీసి ఆమెను తప్పించుకుని బయటపడ్డాడు. కాల్ కట్ చేయొద్దన్నారు కాబట్టి ఫోను జేబులోనే మాట్లాడుతోంది. సొమ్ము వేయడానికి బ్యాంకుకు వెళ్తుంటే వెనక నుంచి షెకీనా ఉరికొచ్చింది.

"బాపూ, నీ జేబుల ఎవరు బెదిరిస్తున్నరు?"

"ముట్టకు బిడ్డా! నిన్ను గూడ తీస్కపోతరు!" రోడ్డు మీదే ఏడ్చేశాడు. ఏడుస్తూనే అంతా చెప్పాడు.

షెకీనా ఫోను లాక్కుని కాల్ కట్ చేసింది. ఆ క్షణాన ఎక్కడి నుంచో జీపు వచ్చి ఆగుతుందని జ్ఞానయ్య కళ్లు మూసుకున్నాడు. ఏ జీపూ రాలేదు. ఫోను మాత్రం మళ్లీ మళ్లీ మోగుతూనే ఉంది.

అటు నుంచి అటే ఇద్దరూ పోస్టాఫీసుకు వెళ్లారు. కౌంటర్లో భారతమ్మ అంతా విని నెత్తి కొట్టుకుంది.

"సుకన్య పైసల మీద టాక్సే లేదన్నా. నువ్వు తీసిననాడు కాలేజీ ఫీజు అడిగింది నిజమే గదా, మోసమెక్కడిది? ఏడాదికింత అని హద్దుంటది, ఆ లోపల మళ్ల అండ్లనే కట్టుకో. నువ్వు ఫోన్ చేసిన నంబరే దొంగోళ్లది. ఇగ ముందుగాల పోలీసు స్టేషన్‌కు పోర్రి."

పోలీసు అన్న మాటకే అతను రెండడుగులు వెనక్కి వేశాడు. షెకీనా చెయ్యి పట్టుకుని నడిపించింది. స్టేషన్లో ఫిర్యాదు రాసుకునే రైటర్ పేరడిగాడు.

"జ్ఞానయ్య, సార్. జర నా బిడ్డ పేరు మాత్రం రాయకుర్రి."

"రాయుర్రి సార్" అంది షెకీనా, కుర్చీ దగ్గరకు లాక్కుంటూ. "వాని మాటలు నేను గూడ విన్న."