చెక్క చేప ముక్కుకి దారం

నేను ఒక చెక్క చేపను. ఇంకా నిజం చెప్పాలంటే, ఒక చపాతీ కర్రలో పావు వంతును. మిగతా ముప్పావు వంతుతో మంగవేణి మరో మూడేళ్లు చపాతీలు చేసింది. అవి ఏ దేశపటంలా వచ్చినా తప్పు పిండి మీదకి నెట్టింది.

నన్ను కోసింది ఆమె భర్త పాపినాయుడు. విశాఖపట్నం పోర్టులో క్రేను నడిపేవాడు. వారమంతా ఎత్తున గాజు గదిలో ఒక్కడే కూర్చుని ఎవరెవరి బరువులో దించేవాడు. ఆదివారం సముద్రపు ఒడ్డున రాళ్ల మీద కూర్చుని, తనకి ఏమాత్రం అవసరం లేని చేపని పైకి లాగడానికి పాటుపడేవాడు. మనుషులు దీన్ని విశ్రాంతి అంటారు.

"ఏటండీ, కర్ర పొట్టిదైపోనాది?" అని మంగవేణి అడిగింది.

"వానాకాలం కదా, కుదించుకుపోయుంటాది."

"వానకి చెక్క ఉబ్బుతాదండీ," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో వాదనలు అంతే పొడుగుండేవి.

పాపినాయుడు నన్ను చేప ఆకారంలో చెక్కి, మునగడానికి కడుపులో సీసం పోసి, ఆ కింద కొక్కేలు బిగించి, మంగవేణి గోళ్ల రంగు ఎర్రగా పూశాడు. దారం కట్టడానికి ముక్కుకి ఉక్కు తీగతో ఒక వలయం పెట్టాడు. కళ్లు మాత్రం నూకరాజు ఇచ్చాడు. నూకరాజు దర్జీ. ఎవరి జాకెట్టుకో కుట్టగా మిగిలిన చమ్కీలు రెండు తెచ్చి అంటించి, "ఇప్పుడు నీ చేప నిన్ను చూస్తాది గురూ," అన్నాడు.

వాళ్లిద్దరూ పదకొండేళ్లుగా ఒకే రాయి మీద పక్కపక్కన కూర్చునేవారు. ఆకుపచ్చ దారం ఒకే ఉండ కొని చెరి సగం చుట్టుకునేవారు. వాళ్లు వెతికేది స్నాపర్ అనే ఎర్ర చేపని. దానికి కుక్కపళ్లుంటాయి, కాపురం రాళ్ల కింద బొరియలో. ఎర మీదకి బాణంలా వచ్చి కరిచి, అదే ఊపులో బొరియలోకి దూరిపోతుంది. దూరిందా, రాతి అంచుకి దారం తెగిందన్నమాటే. అందుకని గాలం పట్టుకున్నవాడు ఒక్క జానెడు కూడా వదలకూడదు. పట్టాక ఇద్దరూ దాన్ని ఎత్తి చూసుకుని, ఫోటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేసేవారు. మంగవేణికి ఈ సంగతి చెప్పిన రోజున ఆవిడ బజారుకెళ్లి చేపలు కొనుక్కొచ్చింది.

ఇక ఆ ఆదివారం గురించి చెప్పాలి. నా ముక్కుకి దారం ముడివేసి బిగించే ముందు దాన్ని నోట్లో పెట్టి తడపాలి. పొడిగా లాగితే ముడి పట్టు చిక్కదు. పాపినాయుడు పదకొండేళ్లలో ఎప్పుడూ మర్చిపోలేదు. ఆ రోజు మాత్రం ఆ నోటికి ఖాళీ లేదు. క్రేను మీదనుంచి తాను చూసిన తిమింగలం గురించి చెబుతోంది. ముడి పొడిగానే బిగిసింది, నేను గాల్లోకి ఎగిరాను.

తెల్లవారుతూనే స్నాపర్ నన్ను కరిచింది. అంత పెద్దది ఆ రాళ్ల దగ్గర ఎవరూ చూసి ఉండరు. అది అడ్డంగా పరుగెత్తడంతో పక్కనున్న నూకరాజు దారం మా దారానికి చుట్టుకుంది. "నీది కొయ్యి! నీది కొయ్యి!" అని పాపినాయుడి కేక. నూకరాజు మెడలో ఆదివారం కూడా కత్తెర వేలాడుతూ ఉంటుంది. తన దారం కోసుకున్నాడు. సరిగ్గా అదే క్షణంలో నా ముక్కు దగ్గర ముడి ఊడిపోయింది. నేను చేపతో పాటు కిందికి పోయాను.

పైన ఏం జరిగిందో నేను వినలేదు. తర్వాత నూకరాజు తనకి తాను ఒప్పచెప్పుకుంటూ ఉంటే తెలిసింది.

"కోసీసేవు కదరా!"

"నాది కోసుకున్నాను గురూ. నువ్వే కదా కొయ్యమన్నావు."

"నీది కొయ్యమన్నాను. నాది కోసేవు."

"ముప్పై ఏళ్లుగా దారాలు కోసుకు బతుకుతున్నాను. ఏది కొయ్యాలో నాకు తెలీదేటి?"

"తెలుస్తాది! అందుకే నువ్వు కుట్టిన జాకెట్లన్నీ మా ఆవిడ ఇప్పీసి మళ్లీ కుట్టుకుంటాది."

రెండు దారాలదీ ఒకే రంగు. ఏ కొస ఎవరిదో తేల్చవలసిన ఆ చిక్కుని పాపినాయుడు కోపంగా సముద్రంలోకి విసిరేశాడు. నూకరాజు తన గాలం తీసుకుని రాళ్ల వరసకి ఆ చివరికి వెళ్లి కూర్చున్నాడు. తర్వాతి ఆదివారం కూడా అక్కడే కూర్చున్నాడు.

స్నాపర్ నన్ను బొరియ గోడకేసి రాసి వదిలించుకుని తన పని మీద వెళ్లిపోయింది. నేను రాళ్ల సందులో ఇరుక్కున్నాను. నన్ను చేసిందే తినబడడానికి, తినేవాళ్లు లేరు. చేపలు వచ్చి ఒకసారి చూసేవి. కదలని చేప చేప కాదని తేల్చుకుని పోయేవి. పలకరింపంటే ఎప్పుడైనా ఒక పీత నా వీపు మీదుగా నడిచి వెళ్లడమే. రంగు పోయింది, ఒక కన్ను పోయింది, ఒంటినిండా గుల్లలు పట్టాయి. రెండు వానాకాలాలు పైన ఎక్కడో చప్పుడు చేసి వెళ్లాయి.

ఒకటే ఆలోచన. కత్తెర తగిలి ఉంటే జానెడో మూరెడో దారం నాతో వచ్చి ఉండేది. నా ముక్కు వలయంలో పోగు కూడా లేదు. నూకరాజు తప్పు చెయ్యలేదనడానికి ఈ లోకంలో సాక్షిని నేనే, ఉన్నది బొరియలో.

ఒక తుపాను నన్ను పెకలించి ఒడ్డున పడేసింది. కొబ్బరి డొక్కల మధ్య, తెగిన చెప్పుల మధ్య పడి ఉన్న నన్ను ఎత్తినవాడు నూకరాజే. మిగిలిన చమ్కీ కన్ను చూసి గుర్తుపట్టాడు. బొటనవేలితో నా ముక్కు తడిమాడు. వలయం ఖాళీ. "చూసేవా," అన్నాడు. వినడానికి ఎవరూ లేరు.

వారం రోజులు అతని దుకాణంలో ఉన్నాను. సాయంత్రం తలుపు దగ్గరగా వేసుకుని, ఖాతాదారుల అద్దం ముందు నిలబడి సాధన చేసేవాడు. "చూడు గురూ, పోగు లేదు. ఊడింది నీ ముడి." ఒకసారి గట్టిగా, ఒకసారి జాలిగా. మంగవేణి ఒక మధ్యాహ్నం వచ్చి జాకెట్టు గుడ్డ ఇచ్చి, "మా ఆయనకి చెప్పకండేం," అని వెళ్లింది. ఇన్నాళ్లూ ఆవిడ ఇంకెవరి దగ్గరా కుట్టించుకోలేదు.

ఆదివారం నన్ను చొక్కా జేబులో వేసుకుని బయల్దేరాడు. పాపినాయుడి వెనక పది అడుగుల దూరంలో ఉండగా అతని గాలానికి చేప పడింది. మంచి స్నాపరే. ఒక్కడే తంటాలు పడి పైకి లాగి, రెండు చేతులతో ఎత్తి, అలవాటుగా పక్కకి తిరిగాడు, చూపించడానికి. పక్కన రాయి మాత్రమే ఉంది. కాసేపు అలాగే పట్టుకుని, చేపని నీళ్లలోకి దించి కూర్చున్నాడు.

నూకరాజు అక్కడినుంచే వెనక్కి తిరిగాడు.

దుకాణానికి వచ్చి పాత ఉండలోంచి ఆకుపచ్చ దారం తీశాడు. నా ముక్కుకి ముడివేశాడు, తడిపి బిగించాడు. జానెడు వదిలి కత్తెరతో తెగ్గోశాడు. అతను అంత నిదానంగా దారం కొయ్యడం ఆ వారంలో నేను చూడలేదు. ఇన్నాళ్లు దాచుకున్న నా సాక్ష్యం అలా పోయింది.

మర్నాడు పోర్టు గేటు దగ్గర డ్యూటీ దిగిన పాపినాయుడి ముందు నన్ను పెట్టాడు.

"ఒడ్డున దొరికింది. నీదే కదా?"

పాపినాయుడు దారం పట్టుకుని చూశాడు. "ఇది కోసిందే."

"మరే. నేనే కోసేను. తొందర్లో దారం తప్పీసేను."

పాపినాయుడి బొటనవేలు ముడి మీద ఆగింది. అతను ముడికి ఐదు చుట్లు వేస్తాడు. ఇవి ఏడు. నా ఒళ్లంతా గుల్లలు, దారం మాత్రం నిన్న కొన్నట్టుంది. క్రేను గదిలోంచి తాటికాయంత కొక్కేన్ని చూసి బరువుకి తగిలించే మనిషికి ఇది కనబడకుండా ఉండదు. ముడిని బొటనవేలితో కప్పేశాడు. షిఫ్టు దిగినవాళ్లు సైకిళ్లతో మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు.

"ముప్పై ఏళ్ల దర్జీవి. దారం తప్పీసేవా?"

"కళ్లు గురూ. వయసు."

పాపినాయుడు నన్ను జేబులో వేసుకున్నాడు. "ఆ జాకెట్లు... మా ఆవిడ ఇప్పలేదురా. ఊరికే అన్నాను."

"తెలుసు."

"ఆదివారం రా. ఆ చివర అలలెక్కువ, నీకేటీ పడదు."

ఇప్పుడు నేను పాపినాయుడి ఇంట్లో అద్దాల అలమారాలో ఉన్నాను, ముక్కున జానెడు దారంతో. చుట్టాలొస్తే పాపినాయుడు, "మా నూకరాజు కోసీసింది ఇదే," అని చూపిస్తాడు. నూకరాజు పక్కనుంటే తల వంచుకుంటాడు. అతనికి ఎదురుగానే కొందరు నవ్వుతారు. అప్పుడు పాపినాయుడు మాట మారుస్తాడు.

ఆదివారం తెల్లారేసరికి ఇద్దరూ వెళ్లిపోతారు. సముద్రం ఇక్కడికి వినబడదు. ఇంట్లో మంగవేణి, నేను. మొన్న ఆవిడ అలమారా తుడుస్తూ నన్ను చేతిలోకి తీసుకుంది. తన గోళ్ల రంగు మరక ఏదో ఇంకా మిగిలినట్టుంది, గోటితో గీరింది. దారం వెలుతురులో పెట్టి చూసింది.

"నిజం సెప్పు," అంది. "ఎవరు కోసేరు?"

ఇన్నేళ్లలో నన్నే అడిగిన మనిషి ఆవిడ ఒక్కతే. నాకు నోరు చెక్కలేదు. చెక్కి ఉంటే మాత్రం ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. నూకరాజే కోశాడని.