పదకొండో టికెట్

హుజూరాబాద్‌లో ఇరవై ఏళ్లు వడ్ల వ్యాపారం చేసిన కొండల్‌రావు ఏనాడూ బస్తా పైగింజలు చూసి ధర చెప్పలేదు. చెయ్యి మోచేతిదాకా దూర్చి అడుగునుంచి పిడికెడు తీసేవాడు. తడి గింజ దాక్కునేది అక్కడే. ఆ తెలివి, కరీంనగర్‌లో గల్ఫ్ టికెట్ల ఆఫీసు తెరిచాక కంప్యూటరు ముందు అక్కరకు రాలేదు.

దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాడు ఆరు నెలల్లో తిరిగి అక్కడ దిగకపోతే వీసా రద్దు. ఎవరికి ఏది ఆఖరి తేదీయో చెప్పే ప్రోగ్రాం ఆఫీసులో పనిచేసే ప్రమోదిని రాసింది. అది సరిగా లెక్కిస్తోందో లేదో చూడటానికి ఒక పరీక్ష కూడా రాసింది. రోజూ కంప్యూటరు వెయ్యగానే, జవాబు ముందే తెలిసిన పది పాత టికెట్లను అది తనంతట తానే లెక్కగట్టి "పదికి పది సరి" అని తెరమీద చూపేది. ఆ పదీ కొండల్‌రావు పైపైన ఏరి ఇచ్చినవే. అన్నీ పగటి విమానాలవి.

"సార్, రాత్రి విమానంది ఒక్కటన్న ఇయ్యుండ్రి," అంది ప్రమోదిని. " మన గడియారం దుబాయి కంటే గంటన్నర ముందుంటది. ఆడ ఇంకా పదో తారీకే ఉంటె, మనకు పదకొండు పడ్తది."

"పదింటికి సరన్నది పదకొండోదానికి తప్పంటదా బిడ్డా? జర పని మొదలువెట్టు."

నవంబరు మొదట్లో నస్పూర్ నుంచి మల్లన్న వచ్చాడు. మే పదిన రాత్రి పదకొండింటికి దుబాయిలో విమానమెక్కినవాడు. ఇంట్లో తల్లి లస్మవ్వ మంచం పట్టి ఉంది.

"సేటూ, తొమ్మిదికి టికెట్ ఇప్పియ్యుండ్రి. అవ్వను ఇడిసి పోబుద్దయితలేదు. కొలువు పోతె ఆమె మందులకెట్ల?"

కొండల్‌రావు తెర చూశాడు. "పదకొండు దాక టైమున్నది. ఇంకో రెండు దినాలు అవ్వ కాడ ఉండు. ఫికర్ జెయ్యకు."

పద్నాలుగున మల్లన్న మళ్లీ ఆఫీసు మెట్లెక్కాడు. సూట్‌కేసుకు కట్టిన తాడు ఇంకా విప్పలేదు. పాస్‌పోర్టు బల్లమీద పెట్టాడు. దుబాయి ముద్ర మే పది అంటోంది. ప్రోగ్రాం ఆ విమాన సమయాన్ని మన గడియారంలోకి మార్చి, మే పదకొండు నుంచి లెక్కగట్టింది.

"ఒక్క దినం ఆలస్యమైందని ఎయిర్‌పోర్టు నుంచే వాపస్ పంపిన్రు. నేను తొమ్మిదే అన్న గద సేటూ."

ప్రమోదిని ఆ టికెట్‌ను పదకొండోదిగా ఎక్కించి పరీక్ష నడిపింది. ఒకటి తప్పు. లెక్కను దుబాయి గడియారానికి మార్చి మళ్లీ నడిపింది. అన్నీ సరి.

మల్లన్న ఆశగా వంగి చూశాడు. "సరైందా? అయితె నన్ను రానిస్తరా?"

"ఇగ మీద పోయెటోళ్లకు, అన్నా," అంది ప్రమోదిని తల దించుకుని.

"మా అవ్వ నేను దుబాయిల ఉన్న అనుకుంటున్నది. ఇంటికి వోయి ఏం జెప్పాలె సేటూ?"

మల్లన్న సూట్‌కేసు నెత్తికెత్తుకుని మెట్లు దిగాడు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే తెరమీద చివరి వరుస వెలిగేది. మల్లన్న, ఆఖరి తేదీ నవంబరు పది. సరి.