గుండుసూదులు లేని నోరు

సుద్ద నడుస్తోంది.

నీలం బట్ట మీద తెల్లటి గీత. సన్నటి చప్పుడు... కిటికీలోంచి పడిన ఎండలో సుద్ద పొడి లేస్తోంది, మెల్లగా నా మోచేతి మీద వాలుతోంది.

నా గీత వంకర పోదు.

పొగరు అనుకోండి. పొగరే. ఈ కుట్టు షాపులో కటింగ్ బల్ల నాది. గీత నాది, కోత నాది. ముప్పై రెండేళ్ళకే ఇంత పెద్ద కత్తెర నా చేతికొచ్చింది. మిగతావాళ్ళు నేను కోసింది కుట్టాల్సిందే.

ఇంకో పొగరు కూడా ఉంది — గొంతు.

ఎవరి గొంతైనా దించేస్తాను. ఇస్త్రీ బాబాయి దగ్గు. మెట్ల మీంచే బేరం మొదలుపెట్టే దారాలాయన. అన్నిటికంటే బాగా కుదిరేది మా మాస్టరు. షాపు ఆయనది. ఆయన నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉంటాయి. ఎడమ పక్క పెదవుల మధ్య బిగించి, మిగిలిన సగం నోటితో మాట్లాడతారు. “చెయ్యి కొంచెం ఎత్తండి” అన్న మాట “షెయ్యి కొంషెం...” అంటూ జారుతుంది. నేను నోరు ఒక పక్కకి లాగి ఆ మాట అన్నానంటే మిషన్లన్నీ ఆగిపోతాయి. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. మాస్టరు కూడా నవ్వుతారు, సూదులు రాలకుండా.

వదిన ఒక్కతే నవ్వదు.

మా అన్న భార్య. మూలన కూర్చుని కాజాలు కుడుతుంది. పెళ్ళయి మా ఇంటికొచ్చిన రోజు నుంచీ ఆమెను నవ్వించాలని చూస్తున్నాను, నా వల్ల కాలేదు. ప్రతి వేషం చివరా ఆమె వైపు తిరిగి కన్ను కొడతాను. మూతి ముడుచుకుని సూది దింపుతుంది.

“నవ్వితే నీ సొమ్మేం పోతుంది వదినా?”

“నవ్వితే కుట్టు తప్పుతుంది.”

అంతే. ఎప్పుడడిగినా అదే జవాబు.

ఆ రోజు కూడా అందరూ బాగానే ఉన్నారు. నేనూ బాగానే ఉన్నాను. టీ తాగాను, దారాలాయనతో తగువు పడ్డాను, గెలిచాను. రేడియోలో పదకొండు గంటల వార్తలు మొదలయ్యాయి.

అప్పుడు —

సుద్ద జారింది.

కుడి చెయ్యి. మొద్దుబారిపోయింది, ఉన్నట్టుండి.

మా పనిలో దానికో పేరుంది, కత్తెర తిమ్మిరి. బరువు కత్తెర పట్టే ప్రతి చేతికీ వచ్చేదే. చెయ్యి దులుపుకుంటాం, బల్లకేసి తడతాం, మళ్ళీ పనిలో పడతాం. అలాగే దులుపుకున్నాను. తట్టాను. వంగి సుద్ద తీశాను.

గీత వంగింది.

నా గీత! బట్ట మధ్యలో తిన్నగా పోవాల్సింది తాగినవాడిలా అంచు వైపు తూలిపోయింది. నాకు ఒళ్ళు మండింది. “ఆ కత్తెర ఇలా ఇవ్వండి” అన్నాను.

అన్నాననుకున్నాను.

నోట్లోంచి వచ్చింది వేరే. తడిగా, మందంగా, ముక్కలుగా... అందులో కత్తెర లేదు. ఇవ్వండి లేదు.

షాపంతా ఒక్కసారి నవ్వింది.

మిషన్లు ఆగాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. “అచ్చం మాస్టరే!” అన్నారు. ఇస్త్రీ బాబాయి కళ్ళు తుడుచుకుంటూ “ఇంకోసారి చెయ్యమ్మా” అన్నాడు.

వేషం కాదు — అని అరిచాను. లోపల ఆ మాట నిండుగా ఉంది, పెదవి దాటేసరికి పగిలిపోయింది. వాళ్ళు ఇంకా నవ్వారు. జీవితంలో నేనింతగా ఎవర్నీ నవ్వించలేదు. భయం వేసింది. భయం కంటే ముందు కోపం వచ్చింది. నా నోరు నా మాట వినకపోవడమా?

మూలన ఏదో కిందపడింది. వదిన ఒళ్ళో ఉన్న చొక్కా.

ఆమె లేచి నిలబడింది.

“నవ్వు ఆపండి. ఇది వేషం కాదు.”

“ఊరుకోమ్మా, ఈ పిల్లకిది మామూలేగా...”

“మాస్టరు సూదులు పెట్టుకునేది ఎడమ పక్క. దీని నోరు జారింది కుడి పక్క. ఈ పిల్ల ఏ వేషంలోనూ పక్క తప్పదు.”

నవ్వు ఆగింది. రేడియో మాత్రం మాట్లాడుతూనే ఉంది.

నవ్వని మనిషి... ఇన్నాళ్ళూ నవ్వకుండా నా ముఖం చూస్తూ కూర్చుంది. ఏ గీత ఎక్కడ ముడుచుకుంటుందో ఆమెకు తెలుసు.

దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుంది. “చేతులు రెండూ ఎత్తు.” ఎడమది లేచింది. కుడిది సగం దాకా లేచి, తనంతట తానే కిందికి జారిపోయింది. “ఇప్పుడు నవ్వు” అంది.

నవ్వమంది. వదిన — నన్ను!

నవ్వాను. సగమే వచ్చింది.

“ఈ వయసులోనా?” అన్నారెవరో.

“వయసు ఎవరడిగారు? క్లినిక్ గోడ మీద రాసుంది. ముఖం, చెయ్యి, మాట. ఏ ఒక్కటి తేడా చేసినా ఆగొద్దని. దీనికి మూడూ తేడాగా ఉన్నాయి.”

అప్పుడు మాస్టరు సూదులు ఉమ్మేశారు. నేల మీద చిటపటమని రాలాయి. ఆయన నోరంతా తెరిచి మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి. “అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!” ఎంత గట్టి గొంతో ఆయనది... దాన్ని అనుకరించాలని ఆ స్థితిలోనూ అనిపించింది నాకు.

కాసేపు పడుకోబెడదాం అన్నారు మిగతావాళ్ళు. వదిన వద్దంది. ఫోన్‌లో మా అన్న, నీరసమేమో, పంచదార నీళ్ళు పట్టించు అన్నాడు. “మింగలేక ఊపిరికి అడ్డం పడితే? చుక్క కూడా పట్టను. నువ్వు ఆసుపత్రికి రా” అని పెట్టేసింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఎడమ చేత్తో కత్తెర లాక్కోబోయాను, కోయాల్సిన బట్ట బోలెడుంది కదా అని. వదిన కత్తెర తీసి తన కొంగు కింద దాచేసింది.

అంబులెన్సు దింపిన ఆసుపత్రిలో, చీటీలు రాసే బల్ల దగ్గర మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. “ఈ వయసులోనా? ఏమైనా తాగారా? అక్కడ కూర్చోండి.”

“పక్షవాతం అనుకోండి” అంది వదిన. “కాదని తేలితే నన్ను తిట్టండి, పడతాను. కూర్చోమంటే మాత్రం కూర్చోను.”

ఆ గొంతు విని లోపలి నుంచి డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఎప్పుడు మొదలైందని అడిగింది.

“పదకొండింటి వార్తలు మొదలైనప్పుడు బాగానే ఉంది. వార్తలు అవకముందే చెయ్యి జారింది.”

డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. నన్ను పడుకోబెట్టిన చక్రాల మంచం కదిలింది. పైన దీపాలు ఒకదాని వెనక ఒకటి... తర్వాత స్కాన్. మెదడుకి వెళ్ళే నాళంలో రక్తం గడ్డకట్టి దారి మూసేసిందట. కరిగించే మందు ఉందట. దానికి గడువుందట — దాటితే ఇవ్వలేరట. మేం దాటలేదు.

గడ్డ కరిగింది. నేను మిగిలాను.

మొత్తంగా కాదు. సగం మాటతో, బద్ధకించే చేతితో మిగిలాను.

చూడ్డానికొచ్చినవాళ్ళంతా అదే మాట. ఈ వయసులోనా... పాపం, ఈ వయసులోనా... వాళ్ళ జాలి చూస్తే నాకు చిర్రెత్తుకొచ్చేది. నా వయసు నా దగ్గరే ఉంది. మీ జాలి మీ సంచిలో పెట్టుకుని పొండి — అందామంటే మాట రాదు. ఆ ఒక్క మాట అనడానికే పట్టుబట్టి మాటలు నేర్చుకున్నాను. కత్తెర. సుద్ద. గీత. పో. మాట నేర్పే అమ్మాయి “పో” దగ్గర నా ఉచ్చారణ చాలా బాగుందంది.

ఈ రోజు షాపుకొచ్చాను.

బల్ల మీద అదే నీలం బట్ట. అదే వంకర గీత. ఇన్నాళ్ళూ వదిన మడతపెట్టి దాచింది, ఎవర్నీ కోయనివ్వలేదు. “నీ తప్పు నువ్వే దిద్దుకో” అంది.

అందరూ పలకరించారు. ఎంత మెత్తగా! నా ముందు ఎవరూ గట్టిగా దగ్గడం కూడా లేదు. ఇస్త్రీ బాబాయి నా కళ్ళలోకి చూడటం లేదు. ఆ రోజు నవ్వినందుకు అందరూ తలలు వంచుకున్నారు.

నాకిది వద్దు. నాకు నా చెయ్యి కావాలి. నా నవ్వులు కావాలి.

నోరు లాగాను.

“షెయ్యి... కొంషెం... ఎత్తండి.”

ఎవరూ నవ్వలేదు. మిషన్లు ఆగిపోయాయి. అన్ని కళ్ళూ నా నోటి మీదే. మాస్టరు చెయ్యి సూదులు తీసేయడానికి పెదవుల దాకా వెళ్ళింది.

వదిన లేచి వచ్చింది. “చేతులెత్తు.” ఎత్తాను. ఎడమది పైకి, కుడిది భుజం దాకా. నిన్న ఇంట్లో ఎంత లేచిందో అంతే. గడ్డం పట్టి ముఖాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది.

“ఎడమ పక్కే లాగింది. పక్క తప్పలేదు” అని షాపంతటికీ చెప్పింది. “ఇక నవ్వుకోండి.”

ముందు ఇస్త్రీ బాబాయి, దగ్గుతూ. తర్వాత ఒక్కొక్కరే.

నేను వదిన వైపు తిరిగాను. కన్ను కొట్టాను. రెండు కళ్ళూ మూసుకున్నాయి, ఒకటి కొంచెం ఆలస్యంగా. ఆమె మూతి ముడుచుకుని కాజా మీదికి వంగింది. సూది దింపింది. తీసింది. మళ్ళీ అదే చోట దింపింది.

కుట్టు తప్పింది.

కుడి చేత్తో సుద్ద అందుకున్నాను. జారింది. తీశాను. జారింది... తీశాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. వంకర గీత పక్కన సుద్ద ఆనించాను.

వేళ్ళు వణుకుతున్నాయి. వణకనీ.

సన్నటి చప్పుడు —

సుద్ద నడుస్తోంది.