రెండో వైపు చివరి పాట

బూట్లకు సోల్స్ అంటించే పని మానేసి ఓక్సన్ ఒక బ్యాండులో చేరినప్పుడు, బుసాన్‌లోని ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఆమెకొక మాట ఇచ్చాడు. చుసొక్ పండగ దాకా ఆమె చోటు ఖాళీగా ఉంచుతాడట. ఆ తర్వాత తన చేతిలో లేదన్నాడు.

అది 1984. బ్యాండు పేరు ‘నారింజ అలలు’. గిటారు డాంగ్‌ప్యో, డ్రమ్స్ కీజు, గొంతు ఓక్సన్. ఆమె సొంతంగా రాసుకున్న ‘వాన వెలిశాక రా’ అనే పాట జనం నోటికెక్కితే ఆమె గాయనిగా నిలుస్తుంది. లేకపోతే మళ్లీ జిగురు డబ్బా ముందు కూర్చోవాలి.

రికార్డింగుకి సియోల్ వెళ్లారు. ఆ రోజుల్లో ఏ రికార్డయినా చివర్లో ఒక మంచి నడవడి పాట ఉండి తీరాలని సర్కారు రూలు. తెల్లారే లేద్దాం, వీధి ఊడ్చుకుందాం అనే రకం. ఎవరో పాడి ఉంచిన పాటనే తెచ్చి అందరూ అతికించేసేవారు. అది మొదలవగానే వినేవాళ్లు ముల్లు ఎత్తేసేవారు. రికార్డు కంపెనీ యజమాని అలాగే కానిమ్మన్నాడు గానీ ఓక్సన్ ఒప్పుకోలేదు.

“మన రికార్డులో ఇంకొకళ్ల గొంతెందుకన్నా? స్టూడియో టైము ఇంకా అరగంట ఉందిగా, నేనే పాడేస్తా” అంది డాంగ్‌ప్యోతో.

“చీపురు మీద పాటా? నవ్వకుండా పాడగలవా?”

“ఆరేళ్లు జిగురు వాసన పీల్చినదాన్ని. చీపురు నన్నేం చేస్తుంది?”

కీజుకు ఆకలిగా ఉంది. త్వరగా అయిపోవాలని దరువు రెట్టింపు చేశాడు. ఒక్క దెబ్బకే పాట పూర్తయింది.

రికార్డు విడుదలై నెల గడిచినా కొన్నవాళ్లు లేరు. అప్పుడు ఫ్యాక్టరీలో ఓక్సన్ పాత స్నేహితురాలు మల్‌జా, పది గంటల కసరత్తు వేళ లౌడ్‌స్పీకర్లో ఆ చివరి పాట పెట్టింది. ఇదేమిటని అడిగిన సూపర్‌వైజరుతో, మంచి నడవడి పాటే కదా సార్ అంది. ఆడవాళ్లంతా కసరత్తు మరిచి నడుములు తిప్పారు. రెండు వారాల్లో చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నిటికీ పాకింది. చేపల మార్కెట్లో ఓక్సన్‌ని ‘చీపురక్క’ అని పిలవసాగారు.

రికార్డు కంపెనీ యజమాని సంబరంగా ఫోన్ చేశాడు. ఈసారి రికార్డు నిండా అలాంటి పాటలే కావాలట, ఆ వాన పాటలు మానెయ్యాలట. ఆ రోజు హోటల్లో ఓక్సన్‌కు పంది మాంసం పులుసన్నం సహించలేదు. కీజు ఆమెను ఓదారుస్తూ ఆమె గిన్నె కూడా ఖాళీ చేశాడు.

చుసొక్‌కు వారం ముందు, మధ్యాహ్నం విరామంలో పాడమని ఫ్యాక్టరీ వాళ్లే పిలిచారు. ఆవరణలో మూడు వేల మంది ఆడవాళ్లు. బ్యాండు వేదికెక్కగానే “చీపురు, చీపురు” అని ఒకటే గోల.

“ముందు నా పాట వినండి. నచ్చకపోతే చీపురు పాట మూడుసార్లు పాడతా” అంది ఓక్సన్.

“ఏమే, స్టారైపోగానే బేరాలు నేర్చావా?” అంది ముందు వరసలోంచి మల్‌జా.

“చేప కొనేటప్పుడు నువ్వాడే బేరం కంటేనా?”

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె ‘వాన వెలిశాక రా’ ఎత్తుకుంది. పాడుతూంటే విసురుకుంటున్న టోపీలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇక చీపురు పాటే అనుకుని ఓక్సన్ కీజు వైపు తిరిగింది.

మల్‌జా ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. “ఇది ఎందులో ఉందే?”

“అదే రికార్డు. మొదటి వైపు, మొదటి పాట.”

“అయ్యో, మేమా వైపు ఎప్పుడూ తిప్పనే లేదు. మళ్లీ పాడు.”

మళ్లీ పాడింది. అంతలో గంట మోగింది. ఎవరూ కదలలేదు. జీతం కోస్తారని ఎరిగిన ఓక్సనే వాళ్లను బతిమాలి లేపింది. వేదిక పక్కన నిలబడ్డ సూపర్‌వైజరుతో, తన చోట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకోమని, పండగ దాకా ఆగక్కర్లేదని చెప్పింది. ఈలోగా షెడ్డు వైపు వెళుతున్న వరసల్లోంచి ఆమె పాటే వినబడింది. పల్లవి బాగానే పాడి చరణం దగ్గర మాటలు రాక ఆగిపోయారు. ఓక్సన్ గబగబా మైకు అందుకుని చరణం అందించింది.